ఇంట్లోనే బుజ్జి కారు తయారు చేయడం ఎలా?

2024లో ‘కల్కి 2898 ఏడీ’ చూసొచ్చిన పిల్లలు ప్రభాస్ గురించి ఎంత మాట్లాడారో, అందులో ఆయన నడిపే కారు బుజ్జి గురించీ అంతే మాట్లాడారు. మా ఇంట్లో అయితే ఇంకాస్త ఎక్కువే. మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ వాళ్లు కలిసి నిజంగా తయారు చేసిన ఎలక్ట్రిక్ కారు అది. బరువు సుమారు 6 టన్నులు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక ఒక్కటే.

ఉన్న కారునే కోసి అలా మార్చుకుందాం అనుకోకండి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. అల్మరాలో పట్టే బుజ్జిని మాత్రం నాలుగైదు ఆదివారాల్లో చేసుకోవచ్చు.

ముందు కొలతలు

అసలు బుజ్జి పొడవు 6,075 మిల్లీమీటర్లు, వెడల్పు 3,380, ఎత్తు 2,186. అన్నిటినీ 12తో భాగించండి. పొడవు 506, వెడల్పు 282, ఎత్తు 182 వస్తుంది. అంటే అడుగు ఎనిమిది అంగుళాల పొడవు, పదకొండు అంగుళాల వెడల్పు.

మిగతా కొలతలకు ఫోటోయే ఆధారం. పక్క నుంచి, దూరంగా నిలబడి తీసిన ఫోటో వెతికి ప్రింట్ తీయించండి. అందులో కారు పొడవు 200 మిల్లీమీటర్లు ఉందనుకుంటే, స్కేలు పెట్టి కొలిచిన ప్రతిదాన్నీ 2.53తో గుణిస్తే చాలు. దగ్గర నుంచి తీసిన ఫోటోలో ముందున్న చక్రం ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. దాన్ని నమ్మి గీస్తే బండి ఆకారం మొత్తం మారిపోతుంది.

చక్రాలతో మొదలుపెట్టండి

చాలామంది బాడీ పూర్తి చేసి, చివర్లో ఏవో చక్రాలు తగిలిస్తారు. బుజ్జిని చూడగానే గుర్తుపట్టేది ఆ చక్రాలను బట్టే. అందుకే నేను వాటికే ఒక ఆదివారం మొత్తం ఇస్తాను.

5 ఎం.ఎం. సన్‌బోర్డు (తేలికైన పీవీసీ ఫోమ్ షీటు) మీద కంపాస్‌తో గుండ్రాలు గీసి, గీతకు ఒక మిల్లీమీటరు బయటగా కట్టర్‌తో కోయండి. టైరు మందం 40 మిల్లీమీటర్లు కావాలంటే ఎనిమిది బిళ్లలు. మధ్యలో 6 ఎం.ఎం. రంధ్రం చేసి, పొడవాటి బోల్టుకు గుచ్చి, బిళ్ల బిళ్లకీ మధ్య ఫెవిక్విక్ వేసి రెండు వైపులా నట్లు బిగించండి. బాగా ఆరాక ఆ బోల్టు కొసను డ్రిల్ మెషీన్‌లో పెట్టి నెమ్మదిగా తిప్పుతూ 120 నంబరు సాండ్ పేపర్ ఆనించండి. మెట్లు మెట్లుగా ఉన్న అంచు రెండు నిమిషాల్లో నున్నగా గుండ్రమవుతుంది. మాస్క్ తప్పనిసరి, ఆ తెల్ల పొడి ముక్కులోకి పోతుంది. డ్రిల్, కట్టర్ పెద్దవాళ్ల చేతుల్లోనే ఉండాలి.

టైరు మీది గాడుల కోసం పాత సైకిల్ ట్యూబును సన్నని పట్టీలుగా కోసి, పంక్చర్ షాపులో వాడే సొల్యూషన్‌తో అతికించండి. రెండు వైపులా రాసి, కాసేపు ఆరనిచ్చాకే నొక్కాలి.

బాడీ

మధ్యలో పొడవునా వెన్నెముకలా ఒక ముక్క, దానికి అడ్డంగా పక్కటెముకల్లా ఏడెనిమిది ముక్కలు నిలబెట్టండి. ఇరుసులు కూర్చునే రంధ్రాలు ఇప్పుడే చేసుకోవాలి. పైన 3 ఎం.ఎం. సన్‌బోర్డు, వంపుల దగ్గర మందపాటి చార్టు అట్ట కప్పండి. సందుల్లో ఎం-సీల్ నింపి, పైన పల్చగా లప్పం పట్టించండి. 220, తర్వాత 400 నంబరు పేపర్‌తో రుద్దాలి. గీత కంటికి కనబడకపోయినా వేలికి తగిలిందంటే మళ్లీ లప్పం పెట్టాల్సిందే. రంగు పడ్డాక ఆ గీతే ముందు కనిపిస్తుంది.

రంగు

మొదటిసారి నేను ముందు భాగాన్ని థర్మోకోల్‌తో చెక్కాను. రెండు రోజుల పని. స్ప్రే కొట్టిన నిమిషానికే బుడగలు వచ్చి గుంటలు పడిపోయింది. మా అబ్బాయి ఏడ్చేశాడు. స్ప్రేలో ఉండే సాల్వెంట్ థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. తప్పక వాడాల్సి వస్తే ముందు ఫెవికాల్ మూడు పూతలు వేసి, అవి పూర్తిగా ఆరాక, బ్రష్‌తో నీటి రంగులే వాడండి.

సన్‌బోర్డుకు బూడిద రంగు ప్రైమర్, దానిమీద గన్‌మెటల్ గ్రే. అడుగు దూరం నుంచి పల్చగా మూడుసార్లు కొట్టండి, ఒక్కసారే దట్టంగా కొడితే కారిపోతుంది. ఆరాక స్పాంజి ముక్కను వెండి రంగులో ముంచి, కాగితం మీద దాదాపు తుడిచేసి, అంచుల మీద మాత్రమే అద్దండి. ఇనుము అరిగినట్టు కనిపిస్తుంది.

చివరగా ఫోటో

మేడ మీద కాస్త ఇసుక పోసి బుజ్జిని దాని మీద పెట్టండి. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుని, కెమెరా ఇసుకకు తగిలేంత కిందికి దించి, ముందు చక్రానికి బాగా దగ్గరగా జరపండి. కొలతలప్పుడు మనల్ని మోసం చేసిన ఆ దగ్గరి ఫోటో ఇప్పుడు మనకు పనికొస్తుంది. అడుగు ఎనిమిది అంగుళాల బండి ఆకాశమంత కనిపిస్తుంది.