ఎయిర్ ఫ్రయర్‌లో కరకరలాడే బేకన్: మాడకుండా, పొగ రాకుండా

బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసపు పలచటి స్లైసులు) కరకరలాడాలంటే సెగ ఎంత పెంచాలి అని అడుగుతుంటారు. అసలు చూడాల్సింది కొవ్వు ఎంతవరకు కరిగి బయటికి పోయిందన్నది. పెనం మీద వేయిస్తే కరిగిన కొవ్వు స్లైసు చుట్టూనే నిలుస్తుంది. ఎయిర్ ఫ్రయర్‌లో ఆ కొవ్వు బుట్ట చిల్లుల్లోంచి కిందికి కారిపోతుంది, పైనుంచి తిరిగే వేడిగాలి తేమను ఆరగొడుతుంది. బేకన్‌కి కావలసింది సరిగ్గా ఇదే. చిక్కల్లా కింద చేరిన ఆ కొవ్వుతోనే. అది కాగి పొగ లేస్తే వంటిల్లంతా కమురు వాసన కొడుతుంది. అందుకే కింది పద్ధతిలో సగం జాగ్రత్తలు బేకన్ కోసమైతే, మిగతా సగం ఆ కొవ్వు కోసం.

ముందు ప్యాకెట్ చూడండి

పంది పొట్ట భాగం నుంచి కోసిన, ఎరుపూ తెలుపూ చారలున్న స్ట్రీకీ బేకన్ అన్నిటికంటే బాగా కరకరలాడుతుంది. వీపు భాగం నుంచి తీసే బ్యాక్ బేకన్‌లో కొవ్వు అంచున మాత్రమే ఉంటుంది. అంచు కరకరలాడినా మధ్యలో మాంసం మెత్తగానే ఉంటుంది. దాన్నీ కరకరలాడించాలని ఇంకా వేయిస్తే తోలులా సాగుతుంది. టర్కీ కోడి మాంసంతో చేసే టర్కీ బేకన్‌లో కొవ్వు బాగా తక్కువ కాబట్టి పైన నూనె పలచగా రాయాలి. స్ట్రీకీ బేకన్‌కి చుక్క నూనె కూడా అక్కర్లేదు.

తరువాత మందం. మామూలు స్లైసు మందం సుమారు 1.5 మిల్లీమీటర్లు, థిక్ కట్ అని అమ్మేది దాదాపు 3 మిల్లీమీటర్లు. ఈ రెండింటినీ ఒకే వాయిలో కలిపి వేయకండి. సన్నవి మాడే వేళకి మందమైనవాటిలో కొవ్వు ఇంకా తెల్లగానే ఉంటుంది.

పంచదార, తేనె, మేపుల్ సిరప్ పట్టించిన రకమా అన్నది కూడా చూసుకోండి. తీపి ఉన్న బేకన్ కొవ్వు కరగకముందే నల్లబడుతుంది. దానికి 170 డిగ్రీలు దాటనివ్వకండి, సమయం మాత్రం రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. ఉప్పునీరు ఎక్కించి ఊరబెట్టిన రకమైతే వేగేటప్పుడు తెల్లటి నురగ వదులుతుంది. ఆ నీరంతా ఆవిరైతేగాని కరకర మొదలవదు. అలాంటి స్లైసులను టిష్యూతో గట్టిగా అద్ది వేస్తే కొంత సమయం కలిసొస్తుంది.

ఎంత వేడి, ఎంతసేపు

చాలామంది 200 డిగ్రీలు పెట్టేస్తారు. బేకన్ వేగుతుంది, కాదనలేం. అయితే పంది కొవ్వు సుమారు 190 డిగ్రీలు దాటాక పొగ వదలడం మొదలుపెడుతుంది. పైగా అంత వేడిలో మాంసం త్వరగా ముడుచుకుంటుంది, కొవ్వు కరగడానికి వ్యవధి దొరకదు. రంగు వస్తుందిగానీ లోపల రబ్బరులా ఉండిపోతుంది. సన్న స్లైసులకు 190, మందమైనవాటికి 180 సెల్సియస్ మంచివని మా అభిప్రాయం. ఫారెన్‌హీట్ చూపించే మెషీన్‌లో 375, 355 అనుకోండి.

సన్నవి 7 నుంచి 9 నిమిషాల్లో, మందమైనవి 11 నుంచి 14 నిమిషాల్లో అవుతాయి. ఒక్కో ఎయిర్ ఫ్రయర్ వేడి ఒక్కోలా ఉంటుంది. అంచేత మొదటిసారి అంకెల్ని నమ్ముకుని పక్కకి వెళ్లిపోకండి. ఆరో నిమిషం నుంచి నిమిషానికోసారి తెరిచి చూడండి. మీ మెషీన్‌కి పట్టే సమయం ఆ ఒక్క వాయితోనే తెలిసిపోతుంది.

మెషీన్‌ను ముందుగా వేడి చేయాల్సిన పని లేదు. చల్లటి బుట్టలో పెట్టి మొదలుపెడితే కొవ్వు మెల్లగా కరుగుతుంది, స్లైసులు తక్కువగా ముడుచుకుంటాయి.

వేయించే తీరు

ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు బయట పెడితే స్లైసులు చిరగకుండా విడివిడిగా వస్తాయి. బుట్ట కింద డ్రాయర్ విడిగా ఉండే మోడల్ అయితే, అడుగున రెండు మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు పోయండి. కారిన కొవ్వు ఆ నీళ్లలో పడి చల్లబడుతుంది, పొగ చాలావరకు తగ్గుతుంది. నీటిమట్టం బుట్ట అడుగుని తాకకూడదు, తాకితే కింది వైపు ఉడికినట్లవుతుంది. డ్రాయర్‌లో నీళ్లు పోయవద్దని మీ మెషీన్ మాన్యువల్‌లో ఉంటే ఆ మాటే వినండి. అప్పుడు 175 డిగ్రీల దగ్గర, ఇంకాస్త ఎక్కువసేపు వేయించండి.

స్లైసులను ఒకే వరసలో పరవండి. అంచులు కొద్దిగా తగిలినా ఫరవాలేదు, వేగేకొద్దీ అవి కుంచించుకుపోతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే మాత్రం ఆ భాగం పచ్చిగానే ఉండిపోతుంది. పొడవు ఎక్కువైతే సగానికి కోయండి. బుట్ట గోడల మీదికి వంచి పెట్టకండి. పైకి లేచిన చివర హీటర్‌కి దగ్గరై ముందే మాడుతుంది. ఫ్యాన్ జోరుకి స్లైసులు ఎగురుతుంటే మెషీన్‌తో వచ్చిన చిన్న స్టాండును వాటి మీద బోర్లించండి.

సగం సమయం గడిచాక పట్కారుతో తిప్పండి. సన్నవాటిని తిప్పకపోయినా వేగుతాయిగానీ, మందమైనవాటిని తిప్పితీరాలి. పైవైపు తగిలినంత వేడి కింది వైపు తగలదు.

ఎప్పుడు తీయాలన్నదే అన్నిటికంటే ముఖ్యం. తొలి నిమిషాల్లో కొవ్వు పెద్ద పెద్ద బుడగలతో చిటపటలాడుతుంది. అది తేమ పోతున్న చప్పుడు. తరువాత బుడగలు చిన్నవై సన్నటి నురగలా మారతాయి, తెల్లటి కొవ్వు ముందు గాజులా పారదర్శకమై ఆపైన బంగారు రంగుకి తిరుగుతుంది. అక్కడ ఒక స్లైసును చివర పట్టి ఎత్తండి. తడిగుడ్డలా వేలాడితే ఇంకో నిమిషం కావాలి. కొద్దిగా వంగి నిలిచిందంటే వెంటనే తీసేయండి. వేడి మీద ఉన్నప్పుడు ఇంకా మెత్తగా అనిపించినా కంగారు పడకండి. ఒకటి రెండు నిమిషాలు ఆరాక గట్టిపడి, తుంచితే పుటుక్కున విరుగుతుంది. బుట్టలో ఉండగానే గట్టిపడేదాకా ఆగితే, చల్లారేసరికి చేదెక్కి పొడిపొడి అవుతుంది.

తీసినవాటిని తీగల స్టాండు మీద పరవడం మేలు. టిష్యూ మీద వేసినా సరే, కుప్పగా మాత్రం పోయకండి. వేడి స్లైసులు ఒకదాని ఆవిరితో ఇంకోదాన్ని మెత్తబరుస్తాయి.

రెండో వాయి

మెషీన్ అప్పటికే వేడెక్కి ఉంటుంది కాబట్టి ఒకటి రెండు నిమిషాలు ముందే అవుతుంది. మొదటి వాయి మాడకపోయినా రెండోది మాడడానికి మామూలుగా ఇదే కారణం. వాయికీ వాయికీ మధ్య అడుగున చేరిన కొవ్వును తప్పకుండా వంచేయండి. వంచకుండా ఆ కాగిన కొవ్వులోనే మళ్లీ నీళ్లు పోస్తే ఒక్కసారిగా చింది చేతులు కాలతాయి. ముందు కొవ్వు తీసేయాలి, ఆ తరువాతే కొత్త నీళ్లు.

వేగాక బేకన్ బరువు దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. 450 గ్రాముల పచ్చి బేకన్ నుంచి మీకు మిగిలేది ఇంచుమించు 150 గ్రాములే. ఎంత వండాలో ఈ లెక్కతో చూసుకోండి.

తేడా వస్తే

రంగు వచ్చింది, నములుతుంటే సాగుతోంది: వేడి ఎక్కువైంది. మరుసటిసారి 10 డిగ్రీలు తగ్గించి మూడు నిమిషాలు పెంచండి. చివరలు మాడి మధ్యలో మెత్తగా ఉంటే బుట్టలో ఎక్కువ కుక్కారన్నమాట.

బట్టర్ పేపర్ గురించి చాలామంది అడుగుతారు. బేకన్‌కి అది వద్దనే చెబుతాం, ఫాయిల్ కూడా అంతే. చిల్లులు మూసుకుపోతే కొవ్వు కారదు, స్లైసు తన కొవ్వులోనే నానుతుంది. పైగా తేలికపాటి పేపర్ గాలికి లేచి హీటర్‌కి అంటుకుంటే మంట లేస్తుంది.

పొగ దట్టంగా వస్తే స్విచ్ ఆపి ప్లగ్ తీయండి. లోపల మంట కనబడితే డ్రాయర్ తెరవకండి, నీళ్లు పోయకండి. మూసే ఉంచితే గాలి అందక ఆరుతుంది. ఆరకుండా పెరుగుతుంటే అందరినీ తీసుకుని బయటికి వెళ్లి ఫైర్ సర్వీస్‌ని పిలవండి.

దాచుకోవడం, కడగడం

తెరిచిన పచ్చి ప్యాకెట్ ఫ్రిజ్‌లో వారం, వేయించినవి నాలుగైదు రోజులు ఉంటాయి. వేయించినవాటిని 180 డిగ్రీల దగ్గర ఒకటి రెండు నిమిషాలు పెడితే కరకర తిరిగొస్తుంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఒక్కోసారి రాయిలా బిగుసుకుంటుంది.

నీళ్లు కలవని కొవ్వయితే గోరువెచ్చగా అయ్యాక పలచటి గుడ్డలో వడకట్టి, గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. గుడ్లు, బంగాళాదుంపలు వేయించడానికి చక్కగా పనికొస్తుంది. నీళ్లు కలిసినదాన్ని గిన్నెలో చల్లారనిస్తే కొవ్వు పైన గడ్డకడుతుంది, దాన్ని తీసి చెత్తలో వేయండి. సింకులో మాత్రం పోయకండి, పైపులో పేరుకుని అడ్డుపడుతుంది.

బుట్టను వెచ్చగా ఉండగానే టిష్యూతో తుడిచి, వేడినీళ్లు, సబ్బుతో కడగండి. మెషీన్ పూర్తిగా చల్లారాక, ప్లగ్ తీసి, పైన హీటర్ చుట్టూ చిందిన కొవ్వును తడిగుడ్డతో తుడవండి. అది అలాగే ఉండిపోతే తరువాత ఏం వండినా పొగ వస్తుంది.