మొండిగా ఆడే కుర్రాడిని ప్రొఫెషనల్ ఐస్ హాకీకి ఎలా తయారు చేయాలి?

కెనడాలో ఏ ఊళ్లో పిల్లల ఐస్ హాకీ మ్యాచ్ చూసినా ఇలాంటి కుర్రాడు ఒకడు ఉంటాడు. టీమ్‌లో అందరికంటే బాగా ఆడేవాడేం కాదు. కానీ పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ల) ఎక్కడుంటే అక్కడికి దూరిపోతాడు. తనకంటే తలెత్తు పొడుగున్న వాడితోనైనా బోర్డ్స్ (మైదానం చుట్టూ ఉండే గోడ) దగ్గర పెనుగులాడతాడు. కింద పడితే మోకాళ్ల మీద ఉండగానే స్టిక్ చాపి పక్‌ని తోస్తాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడని మనవాళ్లు అనేది ఇలాంటి వాళ్లను చూసే.

ఈ కుర్రాడికి ఎక్కువగా వినపడే మాట "ఇంకా గట్టిగా కొట్టు". నా ఉద్దేశంలో అతనికి అస్సలు అవసరం లేని సలహా అదే. తెగువ అతని దగ్గర ఇప్పటికే ఉంది. ఆ తెగువ పక్ దాకా సమయానికి చేరాలి, పెనాల్టీ (తప్పు చేసినందుకు కొన్ని నిమిషాలు బయట కూర్చోవాల్సిన శిక్ష) తేకూడదు, పాతికేళ్లు వచ్చేసరికి ఒళ్లు గుల్ల కాకూడదు. కోచ్‌గానీ తల్లిదండ్రులుగానీ చేయగలిగిన పనంతా ఈ మూడింటి చుట్టూనే ఉంటుంది.

1. ముందు అతని ఆటను పక్ లేకుండా చూడండి

ఒక మ్యాచ్ మొత్తం కళ్లు అతని మీదే ఉంచండి. పక్ పోగొట్టుకున్నాక తర్వాతి మూడు సెకన్లు ఏం చేస్తున్నాడు? టీమ్ 0–5తో ఓడిపోతున్నప్పుడు కూడా వెనక్కి పరుగెత్తి ఎదుటివాళ్ల దాడిని అడ్డుకుంటున్నాడా (దీన్నే బ్యాక్‌చెక్ అంటారు)? ఎవరైనా తనను గుద్దితే పక్ వెంట వెళుతున్నాడా, గుద్దినవాడి వెంట వెళుతున్నాడా? చివరి ప్రశ్న చాలా ముఖ్యం. కోపంతో ఆడేవాడూ పట్టుదలతో ఆడేవాడూ దూరం నుంచి ఒకేలా కనిపిస్తారు. కోపిష్టి అయితే శిక్షణ ఐదో మెట్టు నుంచి మొదలుపెట్టాలి.

2. స్కేటింగ్ మీద అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టండి

మొండిగా ఆడే పిల్లలు పైస్థాయిలో ఆగిపోవడానికి నేను మొదట చెప్పే కారణం కాళ్లు. పదమూడేళ్లప్పుడు ఒక అడుగు ఆలస్యంగా చేరినా బలంతో నెట్టుకొస్తారు. ప్రొఫెషనల్ ఆటలో ఒక్కో షిఫ్ట్, అంటే బెంచ్ నుంచి దిగి మళ్లీ బెంచ్‌కి వచ్చేదాకా ఆడే సమయం, 40–45 సెకన్లు. అందరూ పూర్తి వేగంతో ఆడతారు. అక్కడ ఒక అడుగు వెనకబడితే పక్ అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది, ఇతను చేసే చెక్ (ఒంటితో గుద్ది అడ్డుకోవడం) ఆలస్యపు చెక్ అవుతుంది, లేదా ఎదుటివాడిని స్టిక్‌తో లాగి హుకింగ్ అనే తప్పు చేస్తాడు. చాలా పెనాల్టీలను క్రమశిక్షణ లోపం అంటాం గానీ, వాటిలో సగం స్కేటింగ్ లోపాలేనని నాకనిపిస్తుంది.

వారానికి ఒకటి రెండు సార్లు పక్ లేకుండా స్కేటింగ్ మాత్రమే చేయించండి. ఆగి ఉన్న చోటు నుంచి మొదటి మూడు అడుగులు, రెండు వైపులా సమానంగా ఆగడం, స్కేట్ బయటి అంచు మీద తిరగడం, క్రాసోవర్ (మలుపులో ఒక కాలు మీదుగా ఇంకో కాలు వేయడం), ముందుకు వెళుతూ వెనక్కి తిరగడం. ఇవన్నీ మోకాళ్లు బాగా వంచి, నడుము కిందికి దించి చేయాలి. చాలామంది పిల్లలు కుడి వైపు చక్కగా ఆగి, ఎడమ వైపు తడబడతారు. రాని వైపుకే రెట్టింపు సమయం ఇవ్వండి. అలసిపోయిన తర్వాత స్కేటింగ్ పద్ధతి నేర్పకండి, తప్పు భంగిమ ఒంటికి అలవాటవుతుంది. ప్రాక్టీస్ మొదటి ఇరవై నిమిషాలే దీనికి మంచి సమయం.

3. చెకింగ్‌ని కోణంతో మొదలుపెట్టండి

హాకీ కెనడా 2013లో పీవీ స్థాయిలో, అంటే ఇప్పటి అండర్-13లో, బాడీ చెకింగ్ తీసేసింది. అమెరికాలో యూఎస్ఏ హాకీ అంతకు ముందే, 2011లో, అదే పని చేసింది. చెకింగ్ ఉన్న ఆల్బెర్టా పిల్లలనీ, లేని క్యుబెక్ పిల్లలనీ పోల్చిన కాల్గరీ విశ్వవిద్యాలయ పరిశోధన 2010లో వచ్చింది. చెకింగ్ ఉన్నచోట గాయాల ముప్పు మూడు రెట్లకు పైగా ఉందని అందులో తేలింది. కాబట్టి తొందరపడి చిన్నప్పుడే గుద్దులాట నేర్పించాలనుకోకండి. ఆ ఏళ్లలో నేర్పాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది కోణం. కబడ్డీలో మంచి డిఫెండర్లు రైడర్ మీదికి నేరుగా దూకరు, అతనికి మూల తప్ప వేరే దారి లేకుండా చేసి అప్పుడు పడతారు. ఫోర్‌చెక్ (ఎదుటివాళ్ల వైపే వాళ్లను అడ్డుకుని పక్ లాక్కోవడం) కూడా అంతే. రింక్ మధ్య నుంచి వస్తూ ఎదుటివాడిని బోర్డ్స్ వైపు నెట్టుకుపోవాలి. రెండోది స్టిక్: ముందు స్టిక్ బ్లేడ్ పక్ మీద పడాలి. మూడోది తుంటి: ఎదుటివాడికీ పక్‌కీ మధ్య మన తుంటి దూరాలి. గుద్దు వీటన్నిటి తర్వాత వస్తుంది, చాలాసార్లు దాని అవసరమే రాదు.

గుద్దించుకోవడం కూడా నేర్పాలి. బోర్డ్స్‌కి మూడు నాలుగు అడుగుల దూరంలో నిటారుగా ఆగిపోతే మెడకు ప్రమాదం. ఏటవాలుగా వెళ్లాలి, తల ఎత్తి ఉంచాలి, చేరేలోపు రెండు భుజాల మీదుగా వెనక్కి చూడాలి, తగిలేటప్పుడు ఒళ్లంతా బోర్డ్స్‌కి ఆనించి ఉండాలి. కెనడాలో చాలామంది పిల్లల జెర్సీల వీపు మీద ఎర్రటి 'స్టాప్' గుర్తు కుట్టి ఉంటుంది. ఎదుటివాడి వీపు కనిపిస్తే కొట్టకూడదని దానర్థం. మొండి కుర్రాడికి ఈ ఒక్క నియమంలో మాత్రం ఎప్పుడూ మినహాయింపు ఇవ్వకండి.

సాధనకు మూలలో ఒకరితో ఒకరు, ఇద్దరితో ఇద్దరు ఆటలు పెట్టండి. కోచ్ పక్ విసరాలి, పదిహేను ఇరవై సెకన్లు పోరాడాలి, విజిల్. అంతకంటే ఎక్కువసేపు లాగితే పద్ధతి చెడుతుంది.

4. నెట్ ముందు పని అప్పగించండి

ఇక్కడ బ్రెండన్ గాలఘర్‌ని చూడాలి. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. 2010లో ఉత్తర అమెరికా అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, మాంట్రియల్ కెనడియన్స్ అతన్ని ఐదో రౌండ్‌లో, 147వ స్థానంలో తీసుకుంది. వాళ్ల నాన్న వాంకూవర్ జెయింట్స్ జూనియర్ టీమ్‌కి ఫిట్‌నెస్ కోచ్. కొడుకు అదే టీమ్‌లో పెరిగాడు. ఎన్‌హెచ్‌ఎల్‌కి వచ్చాక 2017–18లో 31 గోల్స్, మరుసటి ఏడు 33 కొట్టాడు. వాటిలో ఎక్కువ భాగం గోలీ (గోల్‌కీపర్) ముఖం ముందు, దెబ్బలు తింటూ నిలబడి కొట్టినవే. పొట్టివాడు అక్కడ నిలబడలేడన్న మాటకు అతనే జవాబు.

అయితే నిలబడితే చాలదు. స్టిక్ బ్లేడ్ ఎప్పుడూ ఐస్ మీదే ఉండాలి. గోలీ చూపుకి అడ్డంగా, క్రీజ్ (గోల్ ముందు గోలీకి గీసిన చోటు) బయట నిలబడాలి. లోపలికి కాలు పెడితే గోలీని అడ్డుకున్నాడని గోల్ రద్దు కావచ్చు. దూరం నుంచి వచ్చే షాట్‌ని బ్లేడ్‌తో దిశ మార్చడం రోజూ చేయించండి, మొదట్లో నెమ్మదైన షాట్లతో. తర్వాత రీబౌండ్లు: గోలీ ప్యాడ్‌కి తగిలి వచ్చిన పక్‌ని ఆపకుండా, ఒకే ఊపులో పైకి లేపి కొట్టాలి. ప్రాక్టీస్ అయ్యాక పదిహేను నిమిషాలు ఇదే చేసే కుర్రాడికి రెండేళ్లలో గోల్స్ పెరగడం మీరే చూస్తారు.

5. పెనాల్టీల లెక్క రాయండి

ఒక నోట్‌బుక్‌లో రెండు గడులు గీయండి: తీసుకున్న పెనాల్టీలు, ఎదుటివాళ్ల చేత చేయించినవి. రెండోది మొదటిదాని కంటే పెద్దదిగా ఉన్నంతకాలం ఇతని మొండితనం టీమ్‌కి లాభం. ఎదుటి గోల్ దగ్గర స్టిక్‌తో చేసిన తప్పులను విడిగా రాయండి. అక్కడ పక్ పోయినా మన గోల్ దాదాపు 180 అడుగుల దూరంలో ఉంటుంది, అలాంటి చోట పెనాల్టీ తెచ్చుకోవడానికి ఏ కారణమూ లేదు.

మారడం అసాధ్యమనుకునే వాళ్లకు మ్యాట్ కుక్ సంగతి చెప్పండి. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ ఆటగాడిగా 2011 మార్చిలో ఎదుటి ఆటగాడి తలకు మోచేయి కొట్టి, మిగిలిన సీజన్‌తో పాటు ప్లేఆఫ్స్ మొదటి రౌండ్ మొత్తానికి సస్పెండ్ అయ్యాడు. మరుసటి సీజన్‌లో అతని పెనాల్టీ నిమిషాలు 44కి పడిపోయాయి, గోల్స్ 19కి చేరాయి. మారనివాళ్ల దారి కూడా కళ్లముందే ఉంది: రాఫీ టోరెస్‌కి 2015లో 41 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది, ఆ తర్వాత అతను మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఆడలేదు. ఇక ముష్టియుద్ధం ఒక కెరీర్ అనుకునే రోజులు పోయాయి. క్యుబెక్ జూనియర్ లీగ్‌లో 2023 నుంచి కొట్లాడితే మ్యాచ్ నుంచి బయటికి పంపేస్తున్నారు.

6. ఒంటిని తొందర లేకుండా కట్టండి

2014 డ్రాఫ్ట్‌కి ముందు జరిగిన ఫిట్‌నెస్ పరీక్షలో సామ్ బెనెట్ ఒక్క పులప్ కూడా తీయలేకపోయాడు. అది పెద్ద వార్త అయింది. కాల్గరీ ఫ్లేమ్స్ అయినా అతన్ని నాలుగో స్థానంలో తీసుకుంది. 2025లో ఫ్లోరిడా పాంథర్స్ స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ప్లేఆఫ్స్ అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అతనిదే. పదిహేనేళ్ల పిల్లాడి చేత బరువులు ఎత్తించాలని ఆత్రపడే నాన్నలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చిన్నప్పుడు వేసవిలో వేరే ఆట ఆడనివ్వండి. పద్నాలుగు పదిహేను నుంచి సొంత ఒంటి బరువుతో వ్యాయామాలు, ఆ తర్వాత శిక్షకుడి దగ్గర స్క్వాట్లు, ఒంటికాలి వ్యాయామాలు. నిద్ర తగ్గించి పొద్దున్నే ఐస్ ఎక్కించడం మాత్రం వద్దు.

7. తల దెబ్బ దాచకూడదని ముందే ఒప్పించండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే ఇలాంటి కుర్రాడే దాస్తాడు. తెగువకు చప్పట్లు కొడుతూ పెంచిన పిల్లాడు, తల తిరుగుతోందని చెబితే మన దృష్టిలో చులకనైపోతానని భయపడతాడు. ఒంటారియోలో 2018లో వచ్చిన రోవన్ చట్టం వెనక ఒక పదిహేడేళ్ల రగ్బీ క్రీడాకారిణి మరణం ఉంది. 2013లో తలకు తగిలిన దెబ్బ పూర్తిగా తగ్గకుండానే ఆడి, మళ్లీ దెబ్బ తగిలి ఆమె చనిపోయింది. ఇప్పుడు అక్కడ ఆటగాళ్లు, తల్లిదండ్రులు, కోచ్‌లు ఏటా కంకషన్ (తల దెబ్బతో మెదడు అదరడం) గురించిన సమాచారం చదివి సంతకం పెట్టాలి.

మీరు చేయాల్సింది సీజన్ మొదలవకముందే నోరు తెరిచి చెప్పడం: "తలకు తగిలితే చెప్పు. చెప్పినందుకు నీ చోటు పోదు." కోచ్ ఈ మాట టీమ్ అందరి ముందూ అనాలి. అనుమానం వస్తే ఆ రోజుకి ఆట ఆపేయాలి, పిల్లాడు ఎంత బతిమాలినా సరే. తర్వాత మెట్లు మెట్లుగా తిరిగి రావాలి, ఒక్కో మెట్టుకీ కనీసం 24 గంటలు పడుతుంది. డాక్టర్ అనుమతి లేకుండా గుద్దులుండే ప్రాక్టీస్‌లోకి దిగకూడదు.

8. తొందర పెట్టని దారి ఎంచుకోండి

కెనడాలో పదహారేళ్లకు మేజర్ జూనియర్ లీగ్‌లు (కుర్రాళ్ల హాకీలో పైస్థాయి లీగ్‌లు) తెరుచుకుంటాయి. ఒంటారియో, వెస్ట్రన్ లీగ్‌లలో సీజన్‌కి 68 మ్యాచ్‌లు, సుదీర్ఘ బస్సు ప్రయాణాలు, దాదాపు ప్రొఫెషనల్ జీవితమే. అమెరికా కాలేజీ హాకీలో మ్యాచ్‌లు ఇంచుమించు సగమే, అవీ ఎక్కువగా శుక్ర, శనివారాల్లో. మిగతా వారం జిమ్‌కీ ప్రాక్టీస్‌కీ దొరుకుతుంది. ఒకప్పుడు మేజర్ జూనియర్ ఆడితే కాలేజీ తలుపులు మూసుకుపోయేవి. 2025 ఆగస్టు నుంచి ఆ నియమం మారింది, జూనియర్ ఆడినవాళ్లూ కాలేజీకి వెళ్లవచ్చు. ఆలస్యంగా ఎదిగే మొండి కుర్రాడికి ఇది పెద్ద వరం.

డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే కుంగిపోవద్దు. బ్రిటిష్ కొలంబియాలోని సర్రీలో పుట్టిన పంజాబీ కుర్రాడు అర్ష్‌దీప్ బెయిన్స్‌ని ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. 2021–22లో రెడ్ డీర్ తరఫున 112 పాయింట్లతో వెస్ట్రన్ లీగ్ మొత్తానికి టాప్ స్కోరర్ అయ్యాడు, వాంకూవర్ కనక్స్ కాంట్రాక్ట్ ఇచ్చింది. ఆ తర్వాత కూడా అతను ఎన్‌హెచ్‌ఎల్ మంచు మీద అడుగుపెట్టింది 2024లోనే. యానీ గూర్డ్‌నీ ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు, మూడో స్థాయి లీగ్ అయిన ఈసీహెచ్‌ఎల్‌లో కూడా ఆడాడు. తర్వాత టాంపా బే టీమ్‌తో 2020, 2021ల్లో రెండు స్టాన్లీ కప్‌లు ఎత్తాడు. అమ్మాయిలకు కూడా 2024 జనవరి నుంచి పీడబ్ల్యూహెచ్‌ఎల్ అనే మహిళల ప్రొఫెషనల్ లీగ్ ఉంది, ఒళ్లు తగిలే ఆటను అక్కడ బాగానే ఆడనిస్తారు.

9. మొదటి ప్రొఫెషనల్ ఏడాదికి చిన్న పాత్రతో పంపండి

ఎక్కువమంది మొదట ఎన్‌హెచ్‌ఎల్‌కి ఒక మెట్టు కిందుండే ఏహెచ్‌ఎల్‌లో చేరతారు, 72 మ్యాచ్‌ల సీజన్. జూనియర్‌లో ఇరవై నిమిషాలు ఆడిన కుర్రాడికి అక్కడ తొమ్మిదో పదో నిమిషాలు దొరుకుతాయి. ఆ నిమిషాల్లో కోచ్‌కి కావాల్సినవి కొన్నే: పెనాల్టీ కిల్‌లో (పెనాల్టీ వల్ల మన వైపు ఒకరు తక్కువైనప్పుడు) షాట్‌కి అడ్డం పడటం, బోర్డ్స్ మీదుగా వచ్చిన పక్‌ని మన జోన్ (మన గోల్ వైపు భాగం) దాటించడం, షిఫ్ట్ అయిపోగానే పెనుగులాడకుండా బెంచ్‌కి రావడం. బ్రాడ్ మార్చాండ్ ప్రావిడెన్స్‌లో ఏహెచ్‌ఎల్ ఆడి, 2010–11 సీజన్‌ని బోస్టన్ నాలుగో లైన్‌లో (లైన్ అంటే కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు, నాలుగోదానికి తక్కువ సమయం దొరుకుతుంది) మొదలుపెట్టాడు. అదే సీజన్ చివర్లో స్టాన్లీ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టాడు. నెలకోసారి కోచ్‌ని కుర్రాడే స్వయంగా కలిసి "నేను ఏది మెరుగుపరచుకుంటే నన్ను మూడో లైన్‌లో వేస్తారు?" అని అడగాలి. ఆ మాట నాన్న ఫోన్ చేసి అడగకూడదు.