కృష్ణా పుష్కర స్నానానికి వెళ్లేవారు చేసుకోవలసిన ఏర్పాట్లు

బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు కృష్ణానదికి పన్నెండు రోజుల పుష్కరాలు వస్తాయి. గతసారి 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగాయి. మళ్లీ 2028లో రానున్నాయి. నది మన పాలమూరు, నల్లగొండ పొలిమేరల్లోనే పారుతున్నందున స్నానానికి విజయవాడ దాకా వెళ్లవలసిన అవసరం లేదు.

ముందుగా ఘాటు నిర్ణయించుకోవాలి. బీచుపల్లి హైదరాబాదు-కర్నూలు రహదారిని ఆనుకొని ఉంటుంది కనుక చేరడం సులువే గాని, జనమంతా అటే మళ్లుతారు. జోగులాంబ దర్శనం కూడా కావాలనుకునేవారు అలంపురం వైపు వెళ్లవచ్చు. వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. సంగమ క్షేత్రం కనుక పితృకార్యాలకు అక్కడికి వెళ్లడం ఆనవాయితీ. పన్నెండు రోజులూ పుష్కరమే కాబట్టి, వృద్ధులు వెంట ఉన్నవారు మొదటి రోజును, ఆదివారాలను వదిలేసి నడిమి రోజుల్లో వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

పిండప్రదానం చేసేవారు నువ్వులు, దర్భలు, బియ్యప్పిండి సర్దుకోవడం కంటే ముందు గోత్రం, మూడు తరాల పేర్లు ఒక కాగితం మీద రాసుకోవాలి. 2016లో పురోహితుడు ముత్తాత పేరు అడిగితే మా నాయనకు గుర్తుకు రాలేదు. తడిబట్టలతో ఒడ్డునే నిలబడి, ఊళ్లో ఉన్న మేనత్తకు ఫోన్ చేసి తెలుసుకొని, వణుకుతున్న చేతులతోనే ఆయన నీళ్లు వదిలాడు. అప్పుడు ఆ పేర్లు రాసుకున్న కాగితాన్ని ఇప్పటికీ మా ఇంటి దేవుని అరలో దాచి ఉంచాం.

శ్రావణమాసంలో ఎగువన జూరాల గేట్లు ఎత్తితే బీచుపల్లి దగ్గర నీటిమట్టం పెరుగుతుంది కనుక మైకులో చెప్పే హెచ్చరికలను తప్పక వినాలి. నీళ్లలో మునిగిన మెట్లకు పాచి పట్టి ఉంటుంది. ఒక చేత్తో గొలుసు పట్టుకొని, పాదాన్ని మెట్టు మీద అడ్డంగా ఆనించి, అది నిలిచిందని తెలిశాకే రెండో పాదం దించాలి. సంకల్పం చెప్పుకొని మూడు మునకలు వేసి, సూర్యునికి దోసిలితో అర్ఘ్యమివ్వాలి. దిగలేని పెద్దలను పై మెట్టు మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్లు పోస్తే అదీ పుష్కర స్నానమే. సబ్బు, షాంపూ నదిలో వాడరాదు.

దీపం వదలదలచినవారు ఇంటి నుంచే మోదుగాకు దొప్పలు కుట్టుకొని తెచ్చుకోవాలి. విడిచిన బట్టలను నదిలో వదలకుండా సంచిలో పెట్టుకొని ఇంటికి తీసుకుపోవాలి.