ఆయుధ పూజకి ముందు: తాతల నాటి రివాల్వర్ ఉన్న ఇళ్ళకి కొన్ని జాగ్రత్తలు

దసరా దగ్గర పడుతోంది. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను సంబరం కూడా వెనకాలే వస్తుంది. ఈ రోజుల్లోనే మన ఇళ్ళలో అటకలు దులుపుతారు, ట్రంకుపెట్టెలు తెరుస్తారు. బొబ్బిలి, చీపురుపల్లి, టెక్కలి, మందస వైపు పాత బుగతల ఇళ్ళలోనూ, తాతలు మిలిటరీలో పనిచేసిన ఇళ్ళలోనూ కత్తులతో పాటు ఒక్కోసారి పాత రివాల్వర్ కూడా బయటికి వస్తుంది. దాన్ని తళతళలాడేలా తోమి, బొట్లు పెట్టి, పిల్లలకు చూపించి, ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. "ఇది అసలుదేనా? ఎంత వస్తుంది?" అన్న ప్రశ్న ఆ తరువాత మొదలవుతుంది. ఈ వరసే తిరగబడాలి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే గుర్తులు ఆ తోముడులోనే పోతాయి.

అన్నిటికంటే ముందు ప్రాణం సంగతి. ఎనభై ఏళ్ళ నుంచి ఎవరూ ముట్టలేదు కాబట్టి అందులో తూటా ఉండదనుకోకండి. తడి తగలకుండా ఉన్న తూటా అన్నేళ్ళ తరువాత కూడా పేలగలదు. పాత రివాల్వర్లలో చాలావాటికి ఇప్పటి వాటిలా లోపలి సేఫ్టీ ఉండదు. హేమర్, అంటే తూటాను కొట్టే సుత్తిలాంటి భాగం, తూటా మీదే ఆనుకుని ఉంటే, కింద పడినా చాలు, పేలుతుంది. పిల్లల్ని గదిలోంచి పంపేయండి. గొట్టం మనుషుల వైపు తిప్పకండి, ట్రిగ్గర్ దగ్గరికి వేలు పోనివ్వకండి. తెరవడం తెలియకపోతే తెరవనే వద్దు. తుప్పుతో బిగుసుకున్నదాన్ని సుత్తితో కొట్టకండి. ఖాళీదే అనుకుని ట్రిగ్గర్ నొక్కి చూడకండి. లైసెన్స్ ఉన్న ఆయుధ డీలర్ గానీ, జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసుల దగ్గర ఆయుధాలు చూసుకునే ఆర్మరర్ గానీ తెరిచి ఖాళీ చేయాలి. పెట్టె అడుగున విడి తూటాలు దొరికితే వాటికీ లైసెన్స్ కావాలని గుర్తుంచుకోండి.

తరువాత కాగితాలు. "పాతది కదా, దీనికి లైసెన్స్ ఎందుకు?" అని మన దగ్గర చాలామంది అంటారు. ఈ ఒక్క నమ్మకం మంచి కుటుంబాలను కోర్టుల చుట్టూ తిప్పుతుంది. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ కాలం చెల్లిన రకానికి, పురాతన విలువ ఉన్నదానికి మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. అయితే మరమ్మతు చేసినా సరే తుపాకీగా పనికిరాని స్థితిలో ఉన్నప్పుడే అది వర్తిస్తుంది. ఎన్నేళ్ళ పాతదన్నది ఒక్కటే సరిపోదు. పనికొస్తుందో రాదో తేల్చాల్సింది కూడా మనం కాదు. లైసెన్స్ లేకుండా మామూలు బోర్ (గొట్టం లోపలి కొలత) ఆయుధం ఉంచుకుంటేనే, 2019 సవరణ తరువాత, కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా ఐదేళ్ళు జైలు. నిషేధిత బోర్ అయితే శిక్ష ఇంకా చాలా ఎక్కువ.

తాతగారి పేరున లైసెన్స్ ఉండి, ఆయన పోయాక ఎవరూ మార్పించుకోకపోతే, ఆ రివాల్వర్ ఈ రోజు ఇంట్లో ఉండకూడనిదే. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. భయపడి నూతిలో పారేయకండి, పాతిపెట్టకండి. సంచిలో వేసుకుని బండి మీద తిరగకండి. ఒక న్యాయవాదితో మాట్లాడి, ముందుగా స్టేషన్‌కి రాతపూర్వకంగా తెలిపి, వాళ్ళు చెప్పినట్టు అప్పగించండి. రసీదులో తయారీదారు పేరు, బోర్, నంబర్ మూడూ ఉండాలి. జమ చేశాక వదిలేయడం కూడా పొరపాటే, గడువు దాటితే అది ప్రభుత్వపరం కావచ్చు. ఆలోగా తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకార పత్రాలు సిద్ధం చేసుకుని కలెక్టర్‌కి లైసెన్స్ దరఖాస్తు పెట్టుకోవాలి. వారసత్వంగా వచ్చినవి కలుపుకుని ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదని కూడా 2019లోనే మార్చారు. అన్నదమ్ముల్లో ఎవరి పేరున పెట్టాలో మాట్లాడుకునేటప్పుడు ఈ లెక్క చూసుకోండి.

కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్ళు ఇక దాన్ని చూడొచ్చు. చూడండి, కానీ తోమకండి.

చింతపండు, ముగ్గుపిండి, బూడిద, ఉప్పుకాగితం, బఫింగ్ మిషన్, నికెల్ పూత ఏవీ వద్దు. ఇత్తడి బిందెను తోమిన చేత్తోనే దీన్నీ తోమేస్తారు, అదే నా బాధ. ఉక్కు మీద ఉండే ముదురు నీలి నలుపు రంగు ఫ్యాక్టరీలో వేసింది. అది అక్కడక్కడ అరిగి, గోధుమ రంగుకి తిరిగినా సరే, సేకరించేవాళ్ళకి కావలసింది అదే. కొత్త పాలిష్ వేయడమంటే శ్రీకూర్మం స్తంభాల మీది శాసనాలకు సున్నం కొట్టడమే. ముద్రలు లోతు తగ్గి మసకబారుతాయి, పదునుగా ఉండాల్సిన అంచులు గుండ్రబడతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ చిన్న గుంటలు పడతాయి. మెరిసే నలుపు కింద తుప్పు గుంటలు కనిపిస్తే దానికి తరువాత రంగు వేశారనే అర్థం. అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్ పాత రివాల్వర్లలో హేమర్, ట్రిగ్గర్ మామూలుగా రంగురంగుల మరకల్లాంటి పూతతో ఉంటాయి. అవి కూడా మిగతా భాగాల్లాగే నల్లగానో, నికెల్‌తోనో మెరుస్తుంటే అనుమానించాలి. స్క్రూల తలలు చెదిరి ఉంటే ఎవరో విప్పారని తెలిసిపోతుంది.

ఇక పేరు చూసి మోసపోకండి. మన దగ్గర పాత రివాల్వర్ ఏది కనిపించినా "వెబ్లీ" అనేస్తారు. బర్మింగ్‌హామ్ వెబ్లీ కంపెనీ 1872లో తెచ్చిన బుల్‌డాగ్ అనే పొట్టి రివాల్వర్‌ని బెల్జియం, స్పెయిన్‌లలో విపరీతంగా కాపీ కొట్టారు. గొట్టం మీద ఏం రాసి ఉన్నా, సిలిండర్ (తూటాలు పెట్టే, తిరిగే భాగం) మీద చిన్న కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ అక్షరాలు ఉంటే అది బెల్జియంలోని లీజ్ నగరంలో తుపాకులు పరీక్షించే శాల ముద్ర. దాని మీద కిరీటం ఉంటే 1893 తరువాతిది. కాపీ అంత మాత్రాన పనికిరానిదేమీ కాదు, కానీ వెబ్లీ ధర ఇచ్చి కొనకూడదు.

ఇంగ్లండ్ ముద్రలు కూడా కాలాన్ని పట్టిస్తాయి. కిరీటం కింద ఎన్‌పీ అక్షరాలు ఉన్న బర్మింగ్‌హామ్ ముద్ర 1904 నుంచి వచ్చింది. పాత పద్ధతిలో అయితే అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు, పైన కిరీటం ఉండేవి. "ఇది 1885 నాటిది బాబూ" అంటూ అమ్మేవాడు చూపించినదాని మీద ఎన్‌పీ ఉంటే, తయారీ అయినా తరువాతిది కావాలి, లేదా తరువాత మళ్ళీ పరీక్షించి ఉండాలి. అమెరికా రివాల్వర్ల గొట్టం మీద ఉండే సంవత్సరాలు పేటెంట్ తేదీలు. వాటిని తయారీ సంవత్సరంగా చదవకండి. ఆ ఆఖరి తేదీకి ముందు తయారు కాలేదని మాత్రమే అవి చెబుతాయి.

మిలిటరీ వెబ్లీల్లో ప్రసిద్ధమైనది .455 బోర్ ఆరో మార్క్ (ఆరో నమూనా), 1915లో సైన్యంలోకి వచ్చింది. ప్రభుత్వ ఆస్తి గుర్తుగా వాటి మీద బాణం ముద్ర ఉంటుంది. అమ్మేసినప్పుడు రెండు బాణాలు ముక్కు ముక్కు ఆనించినట్టు ఇంకో ముద్ర వేసేవారు. ఇది లేకుండా బాణం మాత్రమే ఉంటే, ఆ ఆయుధం సర్కారు చేతి నుంచి ఎలా బయటికి వచ్చిందో చెప్పే కాగితం ఇంట్లో ఉందేమో వెతకండి. అక్షరాల స్పెల్లింగ్ తప్పుగా ఉన్నా, ఎన్ అక్షరం తిరగబడి ఉన్నా అది పాకిస్తాన్‌లోని దర్రా ఆదంఖేల్ లాంటి చోట్ల చేతితో చేసిన నకలు కావచ్చు. అలాంటిదాన్ని పేల్చి చూడటం ప్రమాదం.

నంబర్ల విషయంలో ఓపిక పట్టాలి. వెబ్లీలో ఫ్రేమ్ (చట్రం), గొట్టం, సిలిండర్ మూడింటి మీదా నంబర్లు చూడాలి. స్మిత్ అండ్ వెస్సన్‌లో పిడి అడుగున, సిలిండర్ వెనుక ముఖం మీద, గొట్టం కింద చూడాలి. ఒక దాని మీద వేరే నంబర్ ఉంటే ఆ భాగం మారిందన్నమాట, విలువ బాగా పడిపోతుంది. ఒకే నంబర్ ఉన్నా అంకెల ఆకారం, లోతు తేడాగా ఉంటే ఎవరో చెరిపి కొట్టారేమో అనుమానించండి. అది నేరం కూడా. అలాంటిది ఎంత చవకగా ఇచ్చినా దగ్గరికి రానివ్వకండి. కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లకయితే ఇంకో దారి ఉంది. నంబర్ పంపి రుసుము కడితే, కోల్ట్ ఆర్కైవ్ నుంచి, స్మిత్ అండ్ వెస్సన్ హిస్టారికల్ ఫౌండేషన్ నుంచి అది ఏ రూపంలో, ఎప్పుడు ఫ్యాక్టరీ దాటిందో రికార్డు చూసి ఉత్తరం ఇస్తారు. ఆ నంబర్ ఫోటోని మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఇంకొకరు తమ నకలు మీద కొట్టుకోవడానికి అది చాలు.

ఇంట్లో పాత కాగితం ముక్క కూడా పారేయకండి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి లైసెన్స్, దుకాణం బిల్లు, తోలు కవరు, తాతగారు యూనిఫాంలో ఉన్న ఫోటో లాంటివి రివాల్వర్‌తో కలిపి ఉంటే వేరే ధర పలుకుతుంది. మన ప్రాంతం కలకత్తా రైలు మార్గం మీద ఉంది కాబట్టి మాంటన్, రోడా లాంటి కలకత్తా దుకాణాల పేరు గొట్టం మీద ఉన్నా ఆశ్చర్యపడక్కర్లేదు. బిల్లు కూడా ఉంటే ఆ పేరుకి బలం వస్తుంది.

నిల్వ గురించి చిన్న మాట. తోలు కవరులో ఉంచితే తేమ పట్టి తుప్పు వస్తుంది, కవరు విడిగా దాచండి. కొబ్బరి నూనె జిగురవుతుంది, పల్చటి గన్ ఆయిల్ వాడండి. పూజలో పసుపు, కుంకుమ, గంధం లోహానికి కాకుండా పీట మీది గుడ్డకి పెట్టండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు రెండూ అక్టోబర్ రెండో వారంలోనే వచ్చాయి. లైసెన్స్, బిల్లులు ఇప్పుడే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నీళ్ళు రాని ఎత్తులో ఉంచండి.

ధర దగ్గరికి వస్తే, విదేశీ వేలంపాటల ధర చూసి ఆశ పెంచుకోకండి. 1980ల నుంచి ఇక్కడ విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. అందుకే మన మార్కెట్ వేరు. సామాన్యుడు లైసెన్స్ పొందగలిగే .32 బోర్ ఇంగ్లీషు రివాల్వర్‌కి ఇక్కడ గిరాకీ ఎక్కువ. ఎంతో చరిత్ర ఉన్నా, లైసెన్స్ దొరకని బోర్ అయితే కొనేవాళ్ళు దొరకడమే కష్టం. పేరు ఒక్కటీ చూసి ఖరారు చేయకండి. ఇప్పుడు ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయ్ జిల్లాలో కూడా వెబ్లీ పేరుతో కొత్త .32 రివాల్వర్లు తయారవుతున్నాయి. వందేళ్ళు దాటిన వస్తువు పురావస్తువు కింద వస్తుంది, దాన్ని దేశం దాటించడానికి మామూలు మనిషికి వీల్లేదు. ఫోన్లో కోట్లు ఇస్తానని విదేశీ కొనుగోలుదారుడి పేరు చెప్పి అడ్వాన్సు అడిగితే ఆ ఫోన్ పెట్టేయండి.

విలువ కట్టించేటప్పుడు ఒక్క డీలర్ మాటతో ఆగకండి. రెండు చోట్ల అడిగి, రాతలో తీసుకోండి. అమ్మడమే ఖాయమైతే, కలెక్టర్‌కి గానీ దగ్గరి స్టేషన్‌కి గానీ వివరాలన్నీ రాసి ఇచ్చి, కనీసం 45 రోజులు గడిచాకే లైసెన్స్ ఉన్న వ్యక్తి చేతికి ఇవ్వాలి. పండగకి వచ్చిన బంధువు ఎంత దగ్గరివాడైనా, డబ్బు చేతిలో పెట్టినా, ఈ గడువు లోపల ఇవ్వకండి.