లేజర్‌తో వెంట్రుకలు తీయించుకునే ముందు: చామనఛాయ చర్మానికి ఏం జరుగుతుంది, ఎన్నాళ్లు పడుతుంది

వ్యాక్సింగ్ వెంట్రుకను పీకుతుంది, లేజర్ దాని కుదురును కాలుస్తుంది. వెంట్రుకలోని నలుపు రంగు, అంటే మెలనిన్, లేజర్ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడి కుదురుకు చేరి, మళ్లీ మొలిచే శక్తిని దెబ్బతీస్తుంది. 1983లో ఆండర్సన్, పారిష్ అనే అమెరికన్ వైద్యులు వివరించిన సూత్రం ఇది. చికిత్సలో మీకు చెప్పే జాగ్రత్తల్లో చాలామటుకు ఇక్కడి నుంచి పుట్టినవే. తెల్లబడిన వెంట్రుకలకు లేజర్ పనిచేయకపోవడానికీ ఇదే కారణం. గడ్డం మీద నెరిసిన వెంట్రుకలు ఉంటే వాటికి ఎలక్ట్రాలిసిస్ (సన్నని సూదితో కుదురుకు కరెంటు పంపి నాశనం చేయడం) ఒక్కటే దారి.

మన ఒంటికి వచ్చేసరికి చిక్కు ఒకటుంది. చర్మంలోనూ అదే మెలనిన్ ఉంటుంది కాబట్టి కాంతిని అదీ పీల్చుకుంటుంది. అందుకే చామనఛాయకు, నలుపు ఛాయకు ఏ మెషీన్ వాడుతున్నారన్నది ముఖ్యం. 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (కాంతి అల పొడవు) ఉన్న ఎన్‌డీ యాగ్ లేజర్ కాంతి పైచర్మాన్ని తక్కువగా తాకుతూ లోతుకు వెళ్తుంది, ముదురు రంగుకు అన్నిటికంటే సురక్షితం. 800–810 నానోమీటర్ల డయోడ్‌ను కూడా చల్లబరిచే మొన ఉంటే, పల్స్ (ఒక్కో కాంతి మెరుపు) నిడివి పెంచి జాగ్రత్తగా వాడతారు. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ తెల్లని చర్మానికి బాగుంటుంది, మనకు కాలే ప్రమాదం ఎక్కువ. ఐపీఎల్‌ను కొన్నిచోట్ల లేజర్ పేరుతోనే చేస్తారు. అది లేజర్ కాదు, రకరకాల తరంగదైర్ఘ్యాలు కలగలిసిన కాంతి. మెషీన్ పేరు, తరంగదైర్ఘ్యం, హ్యాండ్‌పీస్ పట్టుకునేది ఎవరు, పక్కన చర్మవైద్యులు ఉంటారా అన్నవి డబ్బు కట్టకముందే అడగండి. జవాబు తడబడితే లేచి వచ్చేయండి.

గడ్డం, పై పెదవి మీద ముదురు వెంట్రుకలు కొత్తగా వస్తున్నా, నెలసరి క్రమం తప్పినా ముందు హార్మోన్ పరీక్షలు చేయించుకోవాలి. పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య) ఉంటే లేజర్ ఉన్న వెంట్రుకలను తగ్గిస్తుందే గానీ, హార్మోన్ పురిగొల్పే కొత్తవాటిని ఆపలేదు. రెంటికీ కలిపి వైద్యం జరగాలి. అలాంటివారికి సిట్టింగ్‌లు కూడా ఎక్కువే పడతాయి.

వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. పెరిగే దశలో ఉన్నదానికే లేజర్ దెబ్బ గట్టిగా తగులుతుంది, తక్కినవి తమ వంతు వచ్చేదాకా తప్పించుకుంటాయి. అందుకే సాధారణంగా 6 నుంచి 8 సిట్టింగ్‌లు కావాలి. ముఖానికి 4–6 వారాల ఎడం, చంకలకు, చేతులకు, కాళ్లకు 6–8 వారాల ఎడం. త్వరగా అయిపోవాలని రెండు వారాలకోసారి చేయించుకుంటే డబ్బు పోతుంది, చర్మమూ దెబ్బతింటుంది. పెళ్లి కుదిరినవారు ఈ లెక్క వేసుకోవాలి: ఒంటికి ఆరు సిట్టింగ్‌లంటే ఏడు నుంచి తొమ్మిది నెలలు. నలుగు పెట్టే రోజుకు కనీసం నాలుగు వారాల ముందే చివరి సిట్టింగ్ ముగియాలి.

సిట్టింగ్‌కు నాలుగు వారాల ముందు నుంచి వ్యాక్సింగ్, త్రెడింగ్, ప్లక్కింగ్ మానేయాలి. కుదురుతో సహా ఊడిపోతే లేజర్‌కు కాల్చేందుకు ఏమీ మిగలదు. చాలామంది పొరపాటు పడేది పై పెదవి దగ్గరే, అలవాటుగా పార్లర్‌కు వెళ్లి దారంతో తీయించేసుకుంటారు. ఈ కాలంలో రేజర్ వాడవచ్చు. గీస్తే ముదురుతాయన్నది అపోహ. సిట్టింగ్‌కు ఒక రోజు ముందు షేవ్ చేసుకుని వెళ్లండి. పైన వెంట్రుక మిగిలితే అది చర్మం మీదే కాలి మచ్చ వేస్తుంది. పసుపు, మేకప్, డియోడరెంట్ ఏవీ లేకుండా శుభ్రంగా కడుక్కోవాలి. ఎండకు చర్మం కమిలి ఉంటే వాయిదా వేయడం మేలు. డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినోయిన్ లాంటి మందులు, నోటి దగ్గర జ్వరపు పొక్కులు వచ్చే అలవాటు, గర్భం ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

నొప్పి తెలియకుండా ముందుగా రాసే మత్తు క్రీమ్ గురించి గట్టిగా చెప్పాలి. కాళ్లనిండా రాసుకుని ప్లాస్టిక్ చుట్టుకున్న ఇద్దరు యువతులు అమెరికాలో చనిపోయాక, అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో హెచ్చరిక జారీ చేసింది. ఆ మందు రక్తంలో కలిసి గుండెను, మెదడును దెబ్బతీస్తుంది. డాక్టరు చెప్పిన చోట, చెప్పినంతే రాయాలి.

మొదటిసారి ముందుగా చిన్న చోట ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. కళ్లకు రక్షణ కవచం లేకుండా ఒక్క పల్స్ కూడా వేయించుకోవద్దు. కనురెప్పల మీద, కనుబొమల కింద అసలు వద్దు. రబ్బరు బ్యాండు చురుక్కున తగిలినట్టు ఉంటుంది, కాలిన వెంట్రుక వాసన వస్తుంది. పై పెదవికి రెండు మూడు నిమిషాలు, రెండు కాళ్లకు గంటదాకా పడుతుంది. కుదుళ్ల చుట్టూ చిన్న ఎర్రటి ఉబ్బులు వస్తే తగినంత వేడి చేరిందన్నమాట, కొన్ని గంటల్లో తగ్గిపోతాయి. చర్మం బూడిదరంగుకు తిరిగినా, మంట ఓర్చుకోలేనంతగా ఉన్నా అక్కడికక్కడే ఆపమనండి.

తర్వాత గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టుకోవచ్చు. రెండు రోజులు వేడినీళ్లు, ఆవిరి, జిమ్, ఈత, నలుగుపిండి రుద్దడం వద్దు. ఎండలోకి వెళ్తే ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయాలి. లేకపోతే నల్లమచ్చలు పడి నెలల తరబడి ఉంటాయి. బొబ్బలు వస్తే చిదమకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి.

ఒకటి నుంచి మూడు వారాల్లో నల్లని ముక్కలు బయటికి వస్తాయి. మళ్లీ మొలుస్తున్నాయని కంగారుపడి పీకుతారు. అవి చచ్చిన వెంట్రుకలు, వాటంతట అవే రాలిపోతాయి.

చెంపల మీది నూగుకు మాత్రం లేజర్ వద్దనే మా సలహా. చెంపల మీద, దవడ అంచున, మెడ మీద సన్నని వెంట్రుకలకు చాలీచాలని వేడి తగిలితే కొందరిలో అవే మరింత ముదిరి పెరుగుతాయి. ముదురు రంగు చర్మం, పీసీఓఎస్ ఉన్నవారిలో ఇది ఎక్కువ. మూడు సిట్టింగ్‌ల తర్వాత ముఖం మీద వెంట్రుకలు పెరిగినట్టనిపిస్తే మొదటిరోజు ఫోటోతో పోల్చి చూడండి. అందుకే ప్రతిసారీ ఒకే వెలుతురులో ఫోటో తీయించి, వాడిన శక్తి, పల్స్ నిడివి కార్డులో రాయించుకోవాలి.

పూర్తిగా పోతాయని ఎవరైనా మాటిస్తే నమ్మవద్దు. ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మాట ‘శాశ్వత తగ్గింపు’ వరకే. మిగిలినవి పలచగా, సన్నగా వస్తాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు, ముఖానికైతే ఇంకొంచెం తరచుగా.