కర్ల్‌లో బానే వస్తుంది, బ్రౌజర్‌లో ఏడుస్తుంది: ఏపీఐ సమస్యలు, పరిష్కారాలు

ఏపీఐ అంటే యాప్‌లూ వెబ్ పేజీలూ డేటా అడిగే సర్వర్ వైపు కోడ్, కర్ల్ అంటే దానికి టెర్మినల్ నుంచి రిక్వెస్ట్ పంపే టూల్. నా సెటప్ ముందే చెప్పేస్తా, ఎందుకంటే కింద రాసినవన్నీ దీని మీద దెబ్బలు తిని నేర్చుకున్నవే. పైథాన్‌లో ఫాస్ట్ ఏపీఐ ఫ్రేమ్‌వర్క్, దాన్ని నడిపే సర్వర్ యువికార్న్, ముందు రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే ప్రాక్సీ ఎంజిన్‌ఎక్స్, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, లాగిన్‌కి జేడబ్ల్యూటీ టోకెన్లు (యూజర్ ఎవరో, గడువు ఎప్పుడో రాసి సర్వర్ సంతకం పెట్టిన చీటీలు). అన్నీ ఓపెన్ సోర్సే, పైసా ఖర్చు లేదు, పోయేది మన నిద్ర ఒక్కటే.

సమస్య: కర్ల్‌లో పనిచేస్తుంది, బ్రౌజర్‌లో మాత్రం కోర్స్ ఎర్రర్

చదువుకునే కోర్సు కాదు లెండి, ఒక అడ్రస్ నుంచి వచ్చిన పేజీకి వేరే అడ్రస్‌లోని ఏపీఐ జవాబు చూపించాలా వద్దా అని బ్రౌజర్ చూసే రూల్ (CORS). ఫ్రంటెండ్ 3000 పోర్టులో, ఏపీఐ 8000లో ఉంటే బ్రౌజర్ లెక్కలో అవి రెండు వేరే వేరే ఆరిజిన్‌లు (పోర్టుతో కలిపిన అడ్రస్‌లు), అందుకని చాలా రిక్వెస్టులకి ముందు ఆప్షన్స్ అని ఒకటి పంపి "రావచ్చా" అని అడుగుద్ది. కర్ల్ ఎవర్నీ ఏమీ అడగదు, దానికి ఈ గొడవే తెలీదు. కోర్స్ మిడిల్‌వేర్‌లో (ప్రతి రిక్వెస్టూ దాటి వెళ్లే మధ్య పొర) ఫ్రంటెండ్ అడ్రస్ పోర్టుతో సహా పూర్తిగా ఇవ్వండి, చివర స్లాష్ వద్దు. కుకీలతో లాగిన్ నడిచే ఏపీఐకి స్టార్ (ఎవరైనా రావచ్చు అని) పెట్టి చేతులు దులుపుకోకండి.

ఇదంతా కరెక్టుగా ఉండి ఒక్క ఎండ్‌పాయింట్‌కే (ఏపీఐలోని ఒక యూఆర్‌ఎల్) కోర్స్ ఎర్రర్ వస్తుంటే అది కోర్స్ కాదు, మీ కోడ్ పేలుతోంది. మనం పట్టుకోని ఎర్రర్ ఏదైనా వస్తే ఫాస్ట్ ఏపీఐ కింద ఉండే స్టార్లెట్ దాన్ని అన్నిటికంటే బయటి పొరలో పట్టుకుని 500 (సర్వర్ ఎర్రర్) పంపుద్ది, ఆ పొర కోర్స్ మిడిల్‌వేర్‌కి బయట ఉంటుంది కాబట్టి కోర్స్ హెడర్లు లేకుండానే జవాబు వెళ్లిపోద్ది, బ్రౌజర్‌కి హెడర్ కనపడదు, కోర్స్ అని అరుస్తుంది. నేను ఒకసారి రెండు గంటలు ఆరిజిన్ లిస్టు మార్చుకుంటూ కూర్చున్నా, తీరా చూస్తే టేబుల్‌లో ఒక ఐటెమ్‌కి రేటు ఖాళీగా ఉంది, దాన్ని క్వాంటిటీతో గుణించే లైన్ దగ్గర చస్తోంది. యువికార్న్ లాగ్ ముందు చూసుంటే రెండు నిమిషాల పని.

సమస్య: లాగిన్ అయిన క్షణమే టోకెన్ ఎక్స్‌పైర్ అయిందంటుంది, అదీ నా ల్యాప్‌టాప్‌లోనే

సర్వర్‌లో బానే ఉంటుంది, ఇక్కడ మన ఇంట్లో 401 (లాగిన్ చెల్లదు). ఇది ఇండియా టైమ్ చేసే పని. పైథాన్‌లో యూటీసీనౌ (ఇప్పటి యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక టైమ్ చెప్పే ఫంక్షన్) ఇచ్చే టైమ్‌కి టైమ్‌జోన్ ముద్ర ఉండదు, దాని మీద టైమ్‌స్టాంప్ అని పిలిస్తే పైథాన్ "ఇది లోకల్ టైమే కదా" అనుకుని మన అయిదున్నర గంటలు, అంటే 19800 సెకన్లు కోసేస్తుంది. మీరు 30 నిమిషాల గడువు ఇస్తే టోకెన్ పుట్టడమే అయిదు గంటల కింద చచ్చిపోయి పుడుతుంది. క్లౌడ్ సర్వర్ గడియారం మామూలుగా యూటీసీలోనే ఉంటుంది కాబట్టి అక్కడ ఈ తేడా కనపడదు.

నమ్మకపోతే టోకెన్ మధ్య ముక్కని విప్పి చూడండి, అది బేస్64 మాత్రమే, తాళం గీళం ఏమీ లేదు (అందుకే అందులో ఫోన్ నంబర్లూ అవీ పెట్టకూడదు). గడువు నంబర్‌లోంచి లాగిన్ అయినప్పటి యూనిక్స్ టైమ్ (1970 నుంచి లెక్కపెట్టిన సెకన్లు) తీసేయండి. 1800 రావాలి. మైనస్ 18000 వస్తే దొంగ దొరికినట్టే.

దీనికి ఉల్టా తప్పు ఇంకా ప్రమాదం. మామూలు లోకల్ నౌకి 30 నిమిషాలు కలిపి ఆ డేట్‌టైమ్‌ని నేరుగా పైజేడబ్ల్యూటీకి (టోకెన్ తయారుచేసే పైథాన్ లైబ్రరీ) ఇచ్చారనుకోండి, అది దాన్ని యూటీసీ అనుకుంటుంది, మీ 30 నిమిషాల టోకెన్ ఆరు గంటలు బతుకుద్ది, ఎర్రర్ రాదు, ఎవరూ కంప్లయింట్ చేయరు. రెండిటికీ మందు ఒకటే, నౌకి యూటీసీ టైమ్‌జోన్ ఇచ్చి పిలవండి. యూటీసీనౌని పైథాన్ 3.12 నుంచి వాడొద్దనే చెప్తున్నారు. నోడ్‌లో చేతితో గడువు లెక్కేసేవాళ్లు ఇంకో సంగతి చూసుకోండి, అక్కడ డేట్ నౌ మిల్లీసెకన్లలో వస్తుంది, వెయ్యితో భాగించడం మర్చిపోతే మీ టోకెన్ యాభై వేల ఏళ్లకి పైనే చెల్లుతుంది.

సమస్య: ఏపీఐ కీ హెడర్ పంపుతున్నా సర్వర్‌కి అందట్లేదు

హెడర్ పేరులో అండర్‌స్కోర్ ఉందేమో చూడండి. ఎంజిన్‌ఎక్స్ డిఫాల్ట్‌గా అలాంటి హెడర్లని చప్పుడు చేయకుండా పడేస్తుంది, ఎర్రర్ లాగ్ లెవెల్ ఇన్ఫోకి తగ్గిస్తే తప్ప ఆ సంగతి కూడా చెప్పదు. హైఫన్ పెట్టండి, అయిపోయింది.

సమస్య: ఒక్కడు గోల చేస్తే అందరికీ 429

రేట్ లిమిట్ (ఒకరు ఎన్ని రిక్వెస్టులు పంపొచ్చో, దాటితే 429) ఐపీని బట్టి పెట్టారు, కానీ యాప్‌కి కనిపించేది ఎంజిన్‌ఎక్స్ ఐపీ, అందరూ 127.0.0.1 అనే ఒకే మనిషి. ఎంజిన్‌ఎక్స్‌లో అసలు క్లయింట్ ఐపీ మోసుకొచ్చే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌ని రిమోట్ అడ్రస్‌తో సెట్ చేయండి. అందరూ కాపీ కొట్టే కాన్ఫిగ్‌లో క్లయింట్ పంపినదానికి తోక తగిలించే వేరియబుల్ ఉంటుంది, ముందు ఇంకో ప్రాక్సీ లేకపోతే అది వద్దు, ఎందుకంటే దాంట్లో క్లయింట్ రాసిన దొంగ ఐపీ కూడా వచ్చేస్తుంది. డాకర్‌లో ఎంజిన్‌ఎక్స్ వేరే కంటెయినర్ అయితే యువికార్న్‌కి ఎవర్ని నమ్మాలో కూడా చెప్పాలి, అక్కడా స్టార్ పెట్టి 8000 పోర్టు బయటికి తెరిచిపెడితే రేట్ లిమిట్ పెట్టినా పెట్టనట్టే.

సమస్య: క్రోమ్‌లో ఓకే, ఆండ్రాయిడ్ యాప్‌లో సర్టిఫికెట్ ఎర్రర్

లెట్స్ ఎన్‌క్రిప్ట్ (ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) ఇచ్చిన ఫైళ్లలో ఉత్త సర్ట్ ఇచ్చారు, ఫుల్‌చెయిన్ ఇవ్వండి. మధ్యలో ఉండే సర్టిఫికెట్‌ని డెస్క్‌టాప్ బ్రౌజర్ ఎక్కడోచోట వెతుక్కుంటుంది, యాప్ వెతుక్కోదు.

సమస్య: ఏ ఎర్రరూ లేదు

ఇదే భయపడాల్సింది. ఆర్డర్ 412 మీది, అడ్రస్ బార్‌లో 413 కొట్టండి. వేరేవాళ్ల పేరు, ఇంటి అడ్రస్ వచ్చాయా? వెబ్ సెక్యూరిటీ సంస్థ ఒవాస్ప్ వాళ్ల ఏపీఐ ప్రమాదాల లిస్టులో 2019లోనూ 2023లోనూ మొదటి నంబర్ ఇదే. టోకెన్ చెక్ చేశాం కదా అనుకుంటాం, టోకెన్ చెప్పేది వచ్చినవాడు ఎవరో మాత్రమే, ఈ ఆర్డర్ వాడిదా కాదా అన్నది దానికి తెలీదు. ఐడీలు యూయూఐడీలుగా (పొడవాటి రాండమ్ ఐడీలు) మార్చడం మందు కాదు, ఊహించడం కష్టమవుద్ది అంతే. ఆర్డర్ తెచ్చే క్వెరీలోనే యూజర్ ఐడీ కండిషన్ పెట్టండి, ఆ ఐడీ టోకెన్‌లోంచే తీసుకోండి, రిక్వెస్ట్ బాడీలోంచి కాదు. దొరక్కపోతే 404 (దొరకలేదు) ఇవ్వండి, 403 (అనుమతి లేదు) ఇస్తే ఆ ఆర్డర్ ఉందని మనమే చెప్పినట్టు. రెండు డమ్మీ అకౌంట్లు పెట్టుకుని ఒకదాని టోకెన్‌తో రెండోదాని ఆర్డర్ అడిగే టెస్టు ఒకటి పైటెస్ట్‌లో రాసి ఉంచండి, నేను ఆ టెస్టు రాసిన రోజే నా ఇన్‌వాయిస్ డౌన్‌లోడ్ లింక్ అందరికీ తెరుచుకుని ఉందని తెలిసింది.