హాస్యం రాయడం నేర్చుకుందాం, 5వ పాఠం: ఎవరికి ఏం తెలుసు?

పోయిన పాఠంలో డైలాగుల దగ్గర ఆపాం కదా, ఈసారి మొత్తం సీన్ ఎలా కట్టాలో చూద్దాం. దీనికి నేను పట్టుకున్న మాస్టారు హాస్య రచయిత, కార్టూనిస్టు జేమ్స్ థర్బర్.

ఈయన 1894లో అమెరికాలో, ఒహాయోలోని కొలంబస్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఆటలో అన్న వేసిన బాణం తగిలి ఒక కన్ను పోయింది, రెండోది కూడా మెల్లగా దెబ్బతిని చివరి ఏళ్ళలో కథలు నోటితో చెప్పి రాయించుకునే పరిస్థితి వచ్చింది. 1927లో న్యూయార్కర్ పత్రికలో చేరాడు. బొమ్మలంటే ఆయనకి టైంపాస్, గీసి పారేసేవాడు. ఆఫీసులో ఒకే గదిలో కూర్చునే రచయిత ఇ.బి. వైట్ వాటిలోంచి ఒక సీల్ (మీసాలుండే సముద్ర జంతువు) బొమ్మని ఏరి పైవాళ్ళకి పంపితే, సీల్ మీసాలు ఇలా ఉండవు అని సరిచేసి తిప్పి పంపారట, థర్బర్ సీల్‌కి మీసాలు ఇలాగే ఉంటాయని వైట్ మళ్ళీ పంపాడట. ఇలాంటి ఫ్రెండ్ ఉండాలండీ రాసేవాడికి!

తర్వాత ఒకసారి రాయి మీద సీల్‌ని గీద్దామనుకుంటే ఆ రాయి కాస్తా మంచం తలవైపు చెక్కలా వచ్చింది, సరే అని దాని కింద మంచం, మొగుడూ పెళ్ళాలని వేసేశాడు. ఆ 1932 కార్టూన్‌లో ఆవిడ విసుగ్గా అంటోంది, సరే నీ మాటే కానివ్వు, సీల్ అరిచింది నీకు వినపడింది! సీల్ వాళ్ళ తలల వెనకే ఉంది. అదెలా వచ్చిందో ఎక్కడా చెప్పడు, మనకి కనిపిస్తోంది, వాళ్ళకి తెలీదు, అంతే.

ఇదే పద్ధతి కథలో ఎలా పనిచేస్తుందో చూడాలంటే మంచం కూలిన రాత్రి గురించి ఆయన రాసిన కథ చదవాలి, 1933 నాటి పుస్తకంలోది. నాన్న అటక మీద పడుకున్నాడు, ఆ పాత మంచం కూలి ఆయన పోతాడని అమ్మ భయం. కింద గదిలో ఉన్న కజిన్‌కి నిద్రలో ఊపిరి ఆగిపోతుందని భయం, అందుకే పక్కన కర్పూరం ద్రావణం పెట్టుకున్నాడు. అర్ధరాత్రి కథ చెప్పే అబ్బాయి మడత మంచం తిరగబడింది, జరిగింది ఇంతే! అమ్మ నాన్న మీద మంచం పడిందని అరుస్తుంది, కజిన్ ఆ అరుపు తన కోసమే అనుకుని కర్పూరం నెత్తిన పోసుకుంటాడు, అటక తలుపు బాదుడుకి లేచిన నాన్న ఇల్లు తగలబడుతోందనుకుని నిద్రమత్తులో వస్తున్నా వస్తున్నా అంటాడు, ఆ గొంతు విని అమ్మ ఆయన పోతున్నాడనుకుంటుంది, కజిన్ నాకేం కాలేదు అని ధైర్యం చెప్తాడు.

గమనించండి, ఇందులో ఎవరూ జోకు వెయ్యలేదు. వాళ్ళకి తెలిసినదాని ప్రకారం ఎవరు చేసింది వాళ్ళకి కరెక్టే. మనవాళ్ళు చాలామంది ఇక్కడే పాడుచేస్తారు, ఒక పాత్రని వెర్రివాడిగా పెట్టి మిగతావాళ్ళ చేత నవ్విస్తారు, అప్పుడు చదివేవాడికి నవ్వే పని మిగలదు. ఇంకోటి, ఎవరికి ఏ భయం ఉందో థర్బర్ మంచం తిరగబడకముందే తాపీగా చెప్పేస్తాడు. గోల మొదలయ్యాక వివరించడానికి టైం ఉండదు.

హోంవర్క్: రాత్రి కరెంటు పోయిన ఇల్లు, నలుగురు మనుషులు, ఒక చప్పుడు. ముందు కాగితం మీద నాలుగు పేర్లు రాసి, ఆ చప్పుడు ఏంటని ఎవరు అనుకుంటున్నారో పక్కన రాయండి, నలుగురిదీ వేరుగా ఉండాలి. తర్వాతే కథ మొదలుపెట్టండి, మూడొందల పదాలు దాటొద్దు. వచ్చే పాఠంలో 1939లో వచ్చిన థర్బర్ కథే, వాల్టర్ మిట్టీ కథ తీసుకుని, పగటికలలోకి ఎలా దిగాలో, ఎలా బయటికి రావాలో చూద్దాం, వీలైతే ఈలోపు అది చదివి ఉంచండి.